గాజుల కింద మణికట్టు

నేను చేసిన ఉద్యోగంలోనే కొత్తగా చేరిన ఒక అమ్మాయి ఆమధ్య ఫోన్ చేసింది. "మేడం, రేపు ఫస్ట్ టైము ఒక వృద్ధాశ్రమం తనిఖీకి పోతాండాను. ముందు ఏం చూడాల?" అని అడిగింది. వంటిల్లు చూడమంటాననో, మరుగుదొడ్లు చూడమంటాననో అనుకుంది పాపం.

"మణికట్లు చూడు" అన్నాను. "మణికట్లా మేడం?" అంది. "అదైనాక, వాళ్లు చిన్నప్పటి నుంచి చేతుల్తో ఏం పని చేసినారో అడుగు" అన్నాను. రిటైరయ్యాక ఈమెకు మతి చెడింది అనుకుని ఉంటుంది. ఆ పిల్ల తప్పు కాదు. ఫోన్లో తేలే సంగతి కాదు కాబట్టి, కూర్చుని రాస్తున్నాను.

బాగుండారా అని అడగొద్దు

కర్ణాటకలో చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి చుట్టుపక్కల వృద్ధులు ఉండే ఆశ్రమాలను చూసి రావడం, అక్కడ వాళ్లను మనుషుల్లా చూస్తున్నారా లేదా అని పై అధికారికి చెప్పడం నా పని. ఎప్పుడు ఏ హోదా వచ్చింది, ఏ ఫైలు ఎక్కడ ఆగింది అన్నవి మీకు అక్కర్లేదు. నాకూ అవంటే విసుగే.

చింతామణిలో మా నాన్నది కిరాణా అంగడి. ఆ అంగడి గల్లా పక్కన స్టూలు మీద కూర్చుని పెరిగాను. వచ్చేపోయే వాళ్లను ఎందుకు, ఏమిటి అని అడగడం అక్కడే అలవాటైంది. మా అమ్మ "దీనికి అన్నం కంటే ఆరా తీసేదే ఎక్కువ" అని తిట్టేది. తర్వాత ఉద్యోగంలో నాకు అన్నం పెట్టింది ఆ ఆరానే.

మొదట్లో అందరిలాగే నేనూ ప్రతి మంచం దగ్గరా ఆగి "బాగా చూసుకుంటాండారామ్మా?" అని అడిగేదాన్ని. ఎవరిని అడిగినా ఒకటే జవాబు. "దేవుని మాదిరి చూసుకుంటాండారమ్మా." ఇంకేం చెబుతారు? నేను జీపెక్కి పోతాను. మళ్లీ పూటకు ముద్ద పెట్టేది పక్కన నిలబడి వింటున్న ఆ మనిషే కదా. ఆ ప్రశ్న అడగడమే మానేశాను. బదులుగా "నిన్న రాగిముద్దలోకి ఏం సారు చేసినారు, పప్పుదా, ఆకుకూరదా?", "తలకు నూనె ఎవురు పెడతారు?", "నీ కట్టె యాడ?" అని అడగడం మొదలుపెట్టాను. ఇలాంటి వాటికి మనుషులు ఆలోచించకుండా నిజం చెబుతారు.

ఆ కట్టె, అంటే చేతికర్ర, దాని సంగతి కూడా చెప్పాలి. చింతామణి నుంచి మురుగమల్ల పోయే దారిలో ఒక ఆశ్రమం ఉండేది. శుభ్రంగా, సాంబ్రాణి వాసనతో, గోడలకు కొత్త సున్నంతో ముచ్చటగా ఉండేది. ఒక పెద్దాయనను "నీ కట్టె యాడప్పా?" అని అడిగితే, "ఆఫీసులో ఉండాదమ్మా" అన్నాడు. పోయి చూద్దును కదా, అందరి కట్టెలూ ఆఫీసు మూలలో మోపు కట్టి పెట్టి ఉన్నాయి. పడిపోతారని తీసి పెట్టామన్నారు. ఇంకేముంది, ఎవరూ మంచం దిగడం లేదు. తలుపుకు తాళం లేదు, గేటు బార్లా తెరిచి ఉంది, లోపలివాళ్లు మాత్రం ఖైదీలు. నిర్బంధం అనే మాటకు తాళం, గొలుసు అక్కర్లేదని నాకు ఆ రోజే తెలిసింది. ఆ మోపు నేనే విప్పి, ఎవరి కట్టె వాళ్లకు పంచి వచ్చాను. ఒక ముసలామె తన కట్టెను చూసుకుని "వచ్చినావా!" అని పలకరించింది. నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఒక్కరికే గాజులు

అసలు సంగతి బాగేపల్లి దగ్గరి ఒక ఆశ్రమంలో జరిగింది. పేరు చెప్పను.

అప్పటి మా ఏసీ సాహేబ్రు కుర్రవాడు. ఏసీ అంటే ఉపవిభాగాధికారి, సాహేబ్రు అంటే కన్నడంలో అయ్యగారు. వృద్ధుల పోషణ చట్టం కింద తగవులు తీర్చే ట్రిబ్యునల్‌కు పెద్ద ఆయనే. ఉత్తర కర్ణాటక మనిషి, మాట్లాడేది కన్నడమే. ఆయన మాటలను ఇక్కడ తెలుగులో పెడుతున్నాను. చట్టం నోటి చివర ఉండేది, కోపం ముక్కు చివర ఉండేది. నేను చూసిన పైఅధికారుల్లో ముసలివాళ్ల మంచం మీద కూర్చుని మాట్లాడింది ఈయన ఒక్కడే. అందుకే ఆయన కోపాన్ని భరించాను.

ఆడవాళ్ల గదిలోకి పోయాం. కిటికీ పక్క మంచం మీద చౌడమ్మ అనే పెద్దామె కూర్చుని ఉంది. మతిమరుపు జబ్బు ముదిరిన మనిషి. ఊరు జంగమకోటె. మెడలో తాళి లేదు, నుదుట బొట్టు లేదు. మేనేజరు రామాంజి "ఈయమ్మ మొగుడు పోయి శానా ఏండ్లాయె సార్, కూతురొకతే ఉండాది" అని చెప్పాడు. కానీ ఆమె రెండు చేతులకూ నిండా గాజులు. పచ్చవీ ఎర్రవీ, మణికట్టు నుంచి పైకి, పెళ్లికూతురి చేతులకు తొడిగినట్టు.

సాహేబ్రుకు తెగ సంతోషమైంది. "చూశారా మేడం? భర్త పోయిన ఆడవాళ్ల గాజులు పగలగొట్టే ఆచారాన్ని వీళ్లు పక్కన పెట్టారు. ఇది కదా గౌరవమంటే!" అని రామాంజి భుజం తట్టాడు. రామాంజి నవ్వాడు, కానీ ఆ నవ్వు కళ్ల దాకా రాలేదు.

నాకూ మంచి మాటే అనిపించింది. ఆ ఆచారం మీద నాకేమీ ప్రేమ లేదు. మా మేనత్త గాజులు ఎలా తీయించారో చూసినదాన్ని. కానీ గదిలో మిగతా మంచాలు చూస్తే, భర్త పోయిన వాళ్లు ఇంకా ఉన్నారు. అందరివీ బోసి చేతులే. ఆచారం మానేస్తే అందరికీ మానాలి కదా, ఈమె ఒక్కతికే ఎందుకు? పైగా మా వైపు పల్లెల్లో భర్త పోయిన ఆ వయసు ముసలామెకు గాజులు తొడగబోతే చెయ్యి విదిలిస్తుంది. చిన్నప్పటి నుంచి మెదడులో పాతుకుపోయిన సంగతి అది, కూతురి పేరు మరిచినా అది మరవదు. చేతుల మీద ఏదో కప్పిపుచ్చాలనుకున్న వాళ్లు నిండు చేతుల రవికె తొడిగి ఉంటే నేను చూసేదాన్నే కాదు. ఈ సీమలో పుట్టి పెరిగిన వాళ్లు తొందరలో చేసిన పొరపాటు అది.

మంచం పక్కన గొంతుక్కూర్చున్నాను. "ఎవురమ్మా ఏసింది గాజులు?"

చౌడమ్మ తన చేతులను పరాయివాళ్ల చేతుల్లా చూసుకుంది. "ఎవురివో ఇవి. నావి కాదు. మా ఆయప్ప పోయినాడు కదమ్మా, నాకేల?"

"కొంచెం పైకి జరపనా?"

ఆమె చేతులు చాచింది. గాజులన్నీ ఒకచోటికి చేర్చి మెల్లగా మోచేతి వైపు జరిపాను. మణికట్టు చుట్టూ నల్లగా, నున్నగా ఒక పట్టీ. దూడ మెడలో పలుపు తీస్తే కనిపించే గుర్తు లాంటిది. మానడం, మళ్లీ ఒరుసుకోవడం, మళ్లీ మానడం. రెండో చేతికీ అంతే.

సరే అన్నది ఎవరు

సాహేబ్రు ముఖం ఎర్రబడింది. కాసేపటి కిందట తట్టిన భుజం వైపు తిరిగి, "ఇది ఏమిటి?" అన్నాడు.

రామాంజి నీళ్లు నమిలాడు. "ఆయమ్మ కూతురు ఒప్పుకొనుండాది సార్. మేము బలవంతంగా ఏమీ చేసిండేది లేదు."

"కూతురు తన చేతులు కట్టించుకోవడానికి ఒప్పుకోవచ్చు. తల్లి చేతులకు ఆమె ఎలా ఒప్పుకుంటుంది?"

ఈ ఒక్క మాట కోసం నేను ఆయనను గురువనుకుంటాను. అంతవరకూ నేను కూడా 'ఇంటివాళ్లకు తెలుసు' అంటే సగం శాంతించేదాన్ని. ఎవరి ఒళ్లయితే వాళ్లే ఒప్పుకోవాలి. వాళ్లకు చెప్పుకునే శక్తి లేకపోతే, వాళ్ల మేలు ఏదో చూడాలి తప్ప, పక్కవాళ్ల వీలు కాదు.

ఇంతలో ఆయా లక్ష్మీదేవమ్మ వచ్చింది. ఆడవాళ్ల గది మొత్తానికి ఆమె ఒక్కతే. తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ మా ముందు నిలబడింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు, మా మీదికే వచ్చింది.

"కట్టింది నేనే. గాజులేసింది నేనే. మా పాప సీమంతానికి తెచ్చినేటివి మిగిలుండె, అవే ఏస్తి. ఇంగ నన్ను ఏం చేస్తారో చేయండ. స్నానాలు నేనే, బట్టలు నేనే, ముద్ద కలిపేది నేనే. నేను అట్ల పోతానే ఈయమ్మ లేచి పక్కనోళ్ల మీద పడతాది. చెవులు పెరుకుతాది, వేళ్లు పెరుకుతాది. ఒకామెకు రగతం వచ్చె. పాత చీర మెత్తగా ఉంటాదని దాన్నే చించి కడితి. తాడుతో కట్టలేదమ్మా నేను!"

పక్క మంచం ఆమె ఇదే సందని చెయ్యెత్తింది. "అవు సార్, నా చెవి చూడండ! కమ్మ తగిలించుకొనేకి లేదు. ఈయమ్మన్నా ఉండల్ల, నేనన్నా ఉండల్ల."

సాహేబ్రు నన్ను చూశాడు. ఆ చెవి నిజంగానే చిట్లి ఉంది. ఆమెకూ భద్రంగా ఉండే హక్కుంది. బడిలో చెప్పే నీతికథల్లో చెడ్డవాడు మీసం తిప్పుకుంటూ వస్తాడు. నేను ఈ ఉద్యోగంలో అలాంటివాణ్ణి చూసింది చాలా తక్కువ. ఎక్కువగా చూసింది ఇలాంటి గదులనే.

చట్టం ఏమంటుందని మీరడుగుతారు. వృద్ధుల పోషణ చట్టాన్ని నేను అరిగిపోయేదాకా చదివాను. పిల్లలు పోషించాలి అంటుంది. చూసుకుంటామని ఆస్తి రాయించుకుని చూడకపోతే ఆ రాత కొట్టేయవచ్చు అంటుంది. ముసలివాళ్లను ఎక్కడో వదిలేసి పోవడం నేరమంటుంది. అన్నీ ఇంటివాళ్ల గురించే. గడప దాటి ఆశ్రమంలో పడ్డాక చేతులు కడితే ఏమిటన్న దానికి అందులో పెద్దగా ఏమీ దొరకదు. మనిషిని అక్రమంగా నిర్బంధించడం నేరమని శిక్షాస్మృతి చెబుతుంది, అది ముసలివాళ్లకూ వర్తిస్తుంది. మానసిక ఆరోగ్య చట్టం ఇంకా వివరంగా ఉంది. కట్టడం శిక్షగా చేయకూడదు, డాక్టరు అనుమతి లేకుండా చేయకూడదు, మనుషులు చాలడం లేదన్న కారణంతో అసలే చేయకూడదు. ఆ చివరి ముక్క రాసినవాళ్లెవరో గానీ, లక్ష్మీదేవమ్మ లాంటి ఆయాను చూసే రాసి ఉంటారు. కానీ అది మానసిక ఆరోగ్య సంస్థల కోసం పెట్టిన చట్టం. మాది మామూలు ఆశ్రమం, మాకు అంటదు అని వాదించే లాయరు ఎప్పుడూ దొరుకుతాడు.

సాహేబ్రు "ఈ రోజే సీల్ వేద్దాం" అన్నాడు. ఆయనను బయటికి పిలిచాను.

"సీల్ వేస్తే వీళ్లంతా రాత్రికి ఎక్కడ పడుకోవాలి సార్?"

"అయితే కట్టి పడేసినా ఊరుకోవాలా?"

"ఊరుకోమనలేదు. ఎందుకు పీకుతుందో తెలుసుకుందామంటున్నాను."

"అది జబ్బు మేడం."

"జబ్బే. కానీ ఆ జబ్బుకు చెవులే ఎందుకు కావాల్సి వచ్చింది?"

ఆయన నన్ను వింతగా చూశాడు. అయినా ఒప్పుకున్నాడు. ఆ పూట నుంచే కట్టడం బంద్. ఇంకొక ఆయాను పెట్టాలి, డాక్టరుకు చూపించాలి. మళ్లీ వచ్చేసరికి మారకపోతే ఆశ్రమానికి తాళం. రామాంజి అన్నిటికీ తలూపి, చివర్లో చల్లగా ఒక మాటన్నాడు. "అట్లయితే ఆ చౌడమ్మను ఇంటికి తీస్కపొమ్మని కూతురికి చెప్తాము సార్. ఒకరి కోసరం అందరికీ తిప్పలు ఏల?"

కూతురు

మంజుళను పిలిపించాను. గార్మెంట్ ఫ్యాక్టరీలో కుట్టుపని. తెల్లవారక ముందే వ్యాను ఎక్కితే చీకటి పడ్డాక దిగుతుంది. భర్త పోయాడు, తోబుట్టువులు లేరు. తల్లిని చూడడానికి ప్రతి ఆదివారం వస్తుంది. ఆ మణికట్లు చూపించాను.

"మెత్తగా కడతామన్నారు మేడం. పడిపోకుండా ఉండేకి అన్నారు. సరే అంటి" అంది. కొంగు నోట్లో కుక్కుకుంది. "ఇంటికి తీస్కపోతే ఏం చేయల్ల నేను? లోపల పెట్టి బీగం ఏసుకొని పోవల్ల. ఈడ కట్టేసేది, ఆడ బీగం. మా అమ్మకు ఇంగ ఈ రెండేనా?"

చట్టం మంజుళను కూడా తప్పుపట్టగలదు. లక్ష్మీదేవమ్మను ఇంకా సులభంగా పట్టగలదు. కానీ చౌడమ్మ చేతులు ఎందుకు ఆగవో కనిపెట్టకపోతే ఆమెకు నిజంగా మిగిలేవి ఆ రెండే. ఆశ్రమానికి వచ్చిన డాక్టరు మూడోది చూపించాడు, నిద్రమాత్రలు. అదీ కట్టేయడమే కదా. తాడు కనిపించదు, అంతే తేడా. గాజులు కూడా అక్కర్లేదు.

ఏరుతున్న చేతులు

వీలు చిక్కినప్పుడల్లా పోయి చౌడమ్మ పక్కన కూర్చునేదాన్ని. మా ఆఫీసులో "మేడానికి పనిలేదు" అన్నారు. నిజంగానే ఆ రోజుల్లో నాకు అంతకంటే ముఖ్యమైన పని లేదు.

చూడగా చూడగా ఒకటి గమనించాను. ఆమె అన్నిటినీ పీకడం లేదు. వేళ్లు, చెవి తమ్మెలు, జడ కొసలు, వేలంత పొడవూ మెత్తదనమూ ఉన్నవాటి మీదికే చెయ్యి పోతుంది. రెండు వేళ్లతో పట్టుకుంటుంది. కిటికీ వెలుతురు వైపు ఎత్తుతుంది. ఒక కన్ను మూసి, అటూ ఇటూ వంచి చూస్తుంది. కొన్నిటిని పక్కకు లాగేస్తుంది, అప్పుడే అవతలివాళ్లు కేకలు పెట్టేది. కొన్నిటిని మాత్రం తిరిగి ఎక్కడివక్కడ పెట్టేస్తుంది. ఎంత మెత్తగా పెడుతుందో! చంటిబిడ్డను ఉయ్యాల్లో వేసినట్టు. పిచ్చిగా పీకే చెయ్యయితే ఏరడం ఎందుకు? ఏది ఉంచాలి, ఏది తియ్యాలి అన్న లెక్క ఆమెకేదో ఉంది. ఆ లెక్క ఏమిటో తెలియక నాకు అన్నం సయించలేదు.

లక్ష్మీదేవమ్మను అడిగాను. "తెల్దమ్మా. మబ్బు పట్టి వెలుతురు తగ్గితే ఇంగా రేగుతాది. తొందర తొందర అంటాది. కట్టేసినప్పుడు 'అంతా పోతాది, అంతా పోతాది' అని ఒకటే ఏడుపు" అంది. చెబుతూ చెబుతూ గొంతు తగ్గించింది. "ఆ ఏడుపు వినలేకనే నేను వంటింట్లోకి పోతా ఉంటి."

మంజుళను అడిగాను. "మీ అమ్మ ఏం పని చేసేదమ్మా?"

"ఏం పని మేడం, మా ఊర్లో అందరి మాదిరే. ఇంట్లో పురుగు మేపుతా ఉండె."

అందరి మాదిరే! మా సీమలో పట్టుపురుగులు పెంచడం ఎంత మామూలంటే, దాన్ని ఎవరూ ప్రత్యేకంగా పని అనుకోరు. కూతురు అనుకోలేదు. ఆశ్రమంలో మిగతావాళ్లంతా బాగేపల్లి మెట్ట పొలాల వాళ్లు, వాళ్లకు తెలిసింది శెనగకాయ. నేనా, అంగడి పిల్లను. మల్బరీ తోటలు బస్సు కిటికీలోంచి చూడడమే తప్ప, పురుగులింట్లో అడుగు పెట్టింది లేదు.

జంగమకోటెలో

మంజుళను వెంటబెట్టుకుని ఒక ఆదివారం జంగమకోటెకు పోయాను. వాళ్ల పాత ఇంటి పక్కవాళ్లు ఇంకా పురుగు మేపుతున్నారు. మా అదృష్టం, ఆ రోజు పురుగులు పండే రోజు. ఇంట్లో ఎవరికీ పలకరించే తీరిక లేదు. కాఫీ లోటా చేతిలో పెట్టి, మళ్లీ తట్టల మీదికి వంగిపోయారు.

ఒక నడివయసు ఆడమనిషి తట్టలోంచి పురుగును రెండు వేళ్లతో పట్టుకుంది. వాకిలి వెలుతురు వైపు ఎత్తింది. ఒక కన్ను మూసి, అటూ ఇటూ వంచి చూసింది. ఒకదాన్ని పక్కనున్న చంద్రిక మీద వేసింది. చంద్రిక అంటే పురుగు గూడు కట్టుకోవడానికి వెదురుతో అల్లిన పెద్ద చాప లాంటిది. ఇంకొకదాన్ని ఎత్తి చూసి, తిరిగి ఆకుల మీద మెత్తగా పెట్టేసింది.

పక్కన మంజుళ "అమ్మా!" అంది, తల్లి ఎదురుగా ఉన్నట్టే.

"ఎందుకట్ల వెలుతురుకు చూసేది?" అని అడిగాను.

"పండిన పురుగైతే ఒళ్లు అద్దం మాదిరి వెలుతురు పారుతాదమ్మా" అంది ఆమె, తలెత్తకుండానే. "పండంది వెనక్కి పెట్టి మేత ఏయల్ల. పండిండేది ఇంగ నిలబెట్టుకోకూడదు, యాడంటే ఆడ నూలు కక్కేస్తాది. పంటంతా పోతాది."

పంటంతా పోతుంది. చౌడమ్మ ఏడ్చింది అందుకే. ఆ గది నిండా ఆమెకు పురుగులే కనిపిస్తున్నాయి. పండిపోయాయి, పొద్దు కుంకుతోంది, ఇంటిల్లిపాదీ ఎదురుచూసిన పంట కళ్లముందే నేలపాలవుతోంది. అలాంటి పూట మనం ఆమె చేతులు కట్టేశాం. మంజుళ ఆ వాకిట్లో కూలబడి ఏడ్చేసింది. నాకు ఏడుపు కంటే కోపమెక్కువ వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం.

వత్తులు

ఆ ఇంటివాళ్లు ఒక పాత చంద్రిక ఇచ్చారు. బస్సులో దానికీ ఒక సీటు కావలసి వచ్చింది, కండక్టరుతో జగడం ఆడాను.

మొదట ఖాళీ పట్టుగూళ్లు తెచ్చి ముందు పెట్టాం. చౌడమ్మ ఒకటి ఎత్తి చూసి, "ఇవి ఐపోయినాయి కదా!" అని మమ్మల్ని తెలివితక్కువ వాళ్లను చూసినట్టు చూసి విసిరేసింది. శెనగకాయలు పెడితే ఒలుచుకుని తినేసింది. చివరికి లక్ష్మీదేవమ్మే దూది తెచ్చింది. దీపం వత్తుల్లాగే, కానీ వేలంత లావున చేసి, ఒక తట్టలో ఆకులు పరిచి వాటి మీద పోసింది.

చౌడమ్మ ఒకటి ఎత్తింది. వెలుతురుకు చూసింది. చంద్రిక మీద పెట్టింది. మరొకటి ఎత్తింది. గదిలో అందరం చుట్టూ నిలబడి చూశాం, చెవి చిట్లినామెతో సహా. ఆ మధ్యాహ్నం ఆమె ఇంకెవరి జోలికీ పోలేదు. పొద్దు వాలేసరికి చేతులు దులుపుకుని, "ఇంత కాఫీ ఇస్తారా?" అంది.

ఇది మందు కాదు, మీరు అలా అనుకోవద్దు. కొన్ని రోజులు తట్ట తోసేసేది. ఒక్కోసారి మళ్లీ పక్కవాళ్ల వేళ్ల మీదికి పోయేది. అలాంటప్పుడు కొత్తగా వచ్చిన రెండో ఆయా ఆమెను చెయ్యిపట్టి వరండాలో తిప్పేది. పక్క మంచాన్ని కొంచెం దూరం జరిపాం. కట్టేసే అవసరం మాత్రం మళ్లీ రాలేదు.

సాహేబ్రు వచ్చి చూశాడు. చాలాసేపు చూసి, "మేడం, మనం ఆమెకు అబద్ధం చెబుతున్నామా?" అని అడిగాడు. మంచి ప్రశ్న, నాకు ఇప్పటికీ తెగలేదు. "అవి పురుగులని మనలో ఎవరూ ఆమెకు చెప్పలేదు సార్. ఆమే మనకు చెబుతోంది" అన్నాను. ఆయన తలూపాడు, పూర్తిగా ఒప్పుకున్నట్టు మాత్రం కాదు.

మనుషులను పెట్టకుండా ఆశ్రమం నడిపినందుకు, గుర్తులు దాచినందుకు సాహేబ్రు రామాంజి మీద, ఆశ్రమ యాజమాన్యం మీద కేసు పెట్టించాడు. 'గుర్తులు బయట పడకుండా చూసుకో' అని లక్ష్మీదేవమ్మకు చెప్పింది రామాంజే అని తేలింది. ఆ కేసు ఇంకా నడుస్తోంది. లక్ష్మీదేవమ్మను అందులోకి లాగలేదు. ఆమెను వదిలేయడం తప్పన్నవాళ్లున్నారు, వాళ్ల మాటలోనూ న్యాయముంది. నేను ఆమెతో ముఖం మీదే చెప్పాను. "కట్టింది తప్పే లక్ష్మీదేవమ్మా, మెత్తగా కట్టినా తప్పే."

"తెలుసమ్మా" అంది. "నాకు ఆ పొద్దే తెలుసు. అందుకేగదా గాజులేసింది."

కొత్తగా వచ్చేవాళ్లు ఈ మాటను గుర్తుపెట్టుకోండి. మనిషి దాచడం మొదలుపెట్టాడంటే, తప్పని లోపల తెలుసన్నమాటే. గుర్తు దొరగ్గానే పనైపోయిందని మాత్రం లేచి వచ్చేయకండి. కట్టిన చేతిని పట్టుకోవడం తేలిక. కట్టబడిన చేతులు ఏం అడుగుతున్నాయో కూర్చుని చూడడమే కష్టం. ఆ పనికి మనకు చట్టం తోడు రాదు. ఓపిక ఉండాలి, కొంచెం ఆరా తీసే బుద్ధి ఉండాలి.

కిటికీ దగ్గర

రిటైరవడానికి ముందు చివరిసారిగా ఆ ఆశ్రమానికి పోయాను. పనేమీ లేదు, చూసి రావాలనిపించింది. చౌడమ్మ కిటికీ దగ్గరే ఉంది. బోసి చేతులు. మణికట్టు చుట్టూ ఆ నల్ల పట్టీ పలచబడింది, పూర్తిగా పోలేదు. ఇక పోదేమో కూడా.

పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. తట్టలో వత్తులు అయిపోయాయి. ఆమె చెయ్యి తట్టలో తడుముకుని, అక్కడేమీ దొరక్క, తట్ట అంచు మీదున్న నా చూపుడువేలు పట్టుకుంది. లక్ష్మీదేవమ్మ గబగబా రాబోతే వద్దని సైగ చేశాను.

చౌడమ్మ నా వేలిని కిటికీ వెలుతురు వైపు ఎత్తింది. ఒక కన్ను మూసింది. అటు వంచింది, ఇటు వంచింది. ఇన్నేళ్లూ అందరినీ నేను తనిఖీ చేశాను, నన్నెవరూ అంత శ్రద్ధగా చూడలేదు. నిజం చెప్పొద్దూ, కొంచెం భయమే వేసింది.

"ఇది ఇంగా పండలేదు" అంది. "మేత ఏయండ."

నా చెయ్యి తీసి, ఎంతో మెత్తగా, నా ఒడిలో పెట్టేసింది.